మూడుమార్లు కూలిన గోడ: వైశాలి నేర్పే సంస్థాధర్మం

దిల్లీ మెట్రో నీలిమార్గంలో ఒక శాఖ యమునా బ్యాంక్ స్టేషన్ వద్ద విడివడి, ఆనంద్ విహార్ దాటి, ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్‌లో ప్రవేశిస్తుంది. ఆ దారిలో చివరి రెండు స్టేషన్ల పేర్లు కౌశాంబి, వైశాలి. రెండూ 2011 జూలై 14న ప్రారంభమైనవి. ఇవి ప్రాచీన నగరాలు కావు. వాటి పేర్లు పెట్టుకున్న నేటి నివాసప్రాంతాలు. వత్సరాజుల కౌశాంబి ప్రయాగకు సమీపాన యమునా తీరాన ఉండేది. లిచ్ఛవుల వైశాలి నేటి బీహార్‌లో, గంగానదికి ఉత్తరాన ఉన్నది. అయినప్పటికీ వినయపిటకం చదివినవారికి ఈ రెండు పేర్లు పక్కపక్కన కనిపించినప్పుడు ఒక ఆలోచన కలుగక మానదు. ఆ గ్రంథం విస్తారంగా వర్ణించిన రెండు సంఘవివాదాలు ఈ రెండు నగరాలలోనే జరిగాయి. కౌశాంబిలో సంఘం తనను తాను చక్కదిద్దుకోలేకపోయింది. వైశాలిలో చక్కదిద్దుకున్నది. ఆ రెండింటి నడుమ గల భేదమేమిటో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక స్వానుభవం. కొన్ని ఏండ్ల క్రితం నేను కొంతకాలం పనిచేసిన ఒక ప్రదర్శనశాలలో ఒక శాసనశకలం వస్తుపట్టికలో తప్పు గ్రామం పేరుతో నమోదైంది. ఆ పేరును ఆధారం చేసికొని ఒక వ్యాసం కూడా అచ్చయింది. తరువాత ఒకనాడు, ఆ రాతిని బండి మీదినుండి దించిన అటెండరుతో మాటల సందర్భంలో ప్రస్తావన వస్తే, అసలు ఊరి పేరు అతడు తడుముకోకుండా చెప్పాడు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, “నన్నెవరూ అడగలేదు కదండీ” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆ వ్యాసం వ్రాసినవాణ్ణి నేనే.

ఆ కార్యాలయంలో కలహాలు లేవు. ఎవరి పని వారు వేళకు చేసేవారు. పెద్దల మాటకు ఎదురు లేదు. దానిని మేము క్రమశిక్షణ అనుకున్నాము. భిక్షుసంఘ చరిత్ర తిరిగి చదివినప్పుడు, ఆ స్థితికి బుద్ధ భగవానుడు వేరొక పేరు పెట్టినట్లు తెలిసింది.

మూగ సామరస్యం

మహావగ్గంలోని పవారణ ఖంధకం ఒక ఉదంతంతో ఆరంభమవుతుంది. కోసలదేశంలో ఒక ఆవాసంలో వర్షావాసం గడపదలచిన కొందరు భిక్షువులు, తమ మధ్య వివాదం రాకుండా ఉండడానికి ఒక ఉపాయం ఆలోచించారు. మూడు మాసాలూ ఒకరితో ఒకరు మాట్లాడరాదని నిశ్చయించుకున్నారు. భిక్షాటన నుండి ముందుగా వచ్చినవాడు ఆసనాలు పరచి నీళ్లు సిద్ధం చేసేవాడు. చివరగా వచ్చినవాడు భోజనశాలను ఊడ్చి పాత్రలు సర్దేవాడు. నీటికుండ ఒక్కడి వల్ల కానప్పుడు చేసైగతో మరొకరిని పిలిచి ఇద్దరూ మోసేవారు. వర్షాకాలం ముగిసిన తరువాత శ్రావస్తికి వెళ్లి, తాము సుఖంగా, సామరస్యంగా గడిపామని భగవానునికి విన్నవించారు.

ఆయన మెచ్చుకోలేదు. వీరు అసౌఖ్యంగా జీవించి కూడా సుఖంగా జీవించామని చెప్పుకుంటున్నారని, ఇది పశువులు కలిసి ఉండడం వంటిదని, గొర్రెలు కలిసి ఉండడం వంటిదని మందలించారు. మౌనవ్రతాన్ని నిషేధించారు. దానికి బదులుగా పవారణ అనే కర్మను విధించారు.

ఈ ఘట్టంలో గమనింపదగినది ఒకటున్నది. ఆ భిక్షువుల కార్యనిర్వహణలో లోపమేమీ లేదు. పని విభజన చక్కగా ఉన్నది. పరస్పర సహాయం సైతం ఉన్నది. లేనిది ఒక్కటే: ఒకరి దోషాన్ని మరొకరు చూపి సరిదిద్దే అవకాశం. అందువల్ల ఆ మూడు మాసాలలో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

పవారణ విధానం సంఘసభ్యులకు సుపరిచితమే. వర్షావాసాంతంలో ప్రతి భిక్షువు సంఘం ఎదుట ముడుకుల మీద కూర్చుండి, చేతులు జోడించి, తనయందు చూసిన, వినిన, లేదా శంకించిన దోషమేదైనా ఉంటే దయతో చెప్పవలసిందిగా ముమ్మారు అర్థిస్తాడు. దోషం కనిపిస్తే ప్రాయశ్చిత్తం చేసుకుంటానని మాట ఇస్తాడు. ఈ అర్థింపు మొదట సంఘస్థవిరునితో, అంటే అందరికంటె పెద్దవానితో మొదలవుతుంది. నవకులు తరువాత అర్థిస్తారు. నిన్నగాక మొన్న ఉపసంపద పొందిన భిక్షువు తన ఎదుట మహాస్థవిరుడు చేతులు జోడించి తప్పు చెప్పమని అడగడం చూస్తాడు. ధైర్యంగా మాట్లాడండి అని నవకులకు ఎన్ని ఉపదేశాలు చేసినా ఆ దృశ్యం కలిగించే ధైర్యం కలుగదు.

ఆధునిక సంస్థాశాస్త్రం ఈ విషయానికి మరొక దారిన చేరింది. అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990 దశకంలో ఆసుపత్రులలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాలలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆశించి మొదలుపెట్టిన ఆమెకు, మంచి బృందాలలోనే అవి ఎక్కువగా నమోదైనట్లు కనిపించింది. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరిగాయని కాదు, వాటిని దాచవలసిన భయం తక్కువ అని ఆమె వివరించారు. 1999లో ప్రచురించిన వ్యాసంలో ఈ గుణాన్ని బృందపు మానసిక భద్రతగా నిర్వచించారు. ఏ దోషమూ బయటికి రాని కార్యాలయం దోషరహితమని అనుకోరాదు. అక్కడ అడిగేవారు లేకపోయి ఉండవచ్చు.

చాటున చెప్పిన మాట

మౌనం ఒక వ్యాధి అయితే గుసగుస దాని రెండవ రూపం. ఎదుట చెప్పలేని మాట లోపల నిలిచి ఉండదు, చాటున వినిపిస్తుంది.

కౌశాంబి కలహానికి మూలమేమిటో ధమ్మపదట్ఠకథ చెబుతుంది. ఒక ధర్మకథికుడు శౌచాలయపు పాత్రలో నీరు మిగిల్చి వచ్చాడు. వినయధరుడు అది దోషమని చెప్పాడు. ధర్మకథికుడు ఒప్పుకొని ప్రాయశ్చిత్తానికి సిద్ధపడగా, తెలియక చేసినదానికి దోషం లేదని అతడే వదిలివేశాడు. కాని తన శిష్యుల వద్దకు వెళ్లి, ఆయన దోషం చేసి కూడా గుర్తించడని చెప్పాడు. ఆ శిష్యులు ఆ మాటను ధర్మకథికుని శిష్యులకు చేరవేశారు. చెంబెడు నీళ్లు కారణంగా సంఘం రెండు పక్షాలుగా చీలింది. భగవానుడు స్వయంగా వారించినా వినలేదు. ఆయన వారిని విడిచి అరణ్యానికి వెళ్లిపోయారు. చివరకు పట్టణంలోని ఉపాసకులు భిక్ష పెట్టడం మానుకున్న తరువాతనే వారు దిగివచ్చారు.

వైశాలి పతనగాథ కూడా ఇటువంటిదే. వజ్జులు తరచుగా సభ చేరుతున్నంతకాలం, ఐకమత్యంతో కూడి ఐకమత్యంతో లేస్తున్నంతకాలం వారికి వృద్ధియే గాని హాని లేదని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. ఈ ఏడు అపరిహానీయ ధర్మాలను భగవానుడు వారికి వైశాలిలోని సారందద చైత్యం వద్ద ఉపదేశించారు. మగధమంత్రి వస్సకారుడు ఆ మాటలోని మర్మాన్ని గ్రహించి ఏమి చేశాడో అట్ఠకథలో ఉన్నది. శరణార్థి వేషంలో వైశాలి చేరి, ఒక లిచ్ఛవిని పక్కకు పిలిచి అతి సామాన్యమైన ప్రశ్న వేసేవాడు. ఏమి మాట్లాడాడని తక్కినవారు అడిగితే, అతడు ఉన్నది ఉన్నట్లు చెప్పినా నమ్మేవారు కాదు. మూడు సంవత్సరాలలో ఇద్దరు కలిసి ఒక దారిన నడవని స్థితి వచ్చింది. సభాభేరి మ్రోగినప్పుడు ఎవరూ రాలేదు. కోటగోడలు నిలిచే ఉన్నాయి; వాటిని కాపాడవలసిన సభ మాత్రం మిగలలేదు.

దరిద్రుడైన కుట్టుపనివాడు

ఇక శీర్షికలోని గోడ. చుల్లవగ్గంలోని సేనాసన ఖంధకంలో వచ్చే ఈ చిన్న కథ కూడా వైశాలిలోనే జరిగింది. అక్కడ విహారాల నిర్మాణం శ్రద్ధతో సాగుతున్నది. ఒక పేద కుట్టుపనివాడు అది చూసి, తాను కూడా విహారం కట్టాలని సంకల్పించాడు. స్వయంగా మట్టి కలిపి, ఇటుకలు పేర్చి గోడ లేపాడు. పనితనం తెలియనందున గోడ వంకరపోయి కూలింది. రెండవసారి కట్టాడు, కూలింది. మూడవసారీ అంతే. అప్పుడతడు నొచ్చుకొని బహిరంగంగానే నిందించాడు: చీవరాలు, భోజనం, శయనాసనాలు, ఔషధాలు ఇచ్చేవారికి శ్రమణులు ఉపదేశిస్తారు, వారి నిర్మాణాలను పర్యవేక్షిస్తారు, పేదవాణ్ణి కనుక నాకు చెప్పేవారెవరూ లేరు.

ఈ నింద భిక్షువుల ద్వారా భగవానుని చెవిన పడింది. ఆయన ఆ కుట్టుపనివాణ్ణి తప్పుపట్టలేదు. నిర్మాణ పర్యవేక్షణను ఒక భిక్షువుకు అప్పగించే కర్మను విధించారు. ఆ బాధ్యత వహించినవాడే నవకమ్మికుడు. విహారం త్వరగా పూర్తి కావాలని అతడు యత్నించాలి. విరిగినది, పగిలినది బాగుచేయించాలి. తరువాతి నియమాలు నిర్మాణపు పరిమాణాన్ని బట్టి ఈ బాధ్యతకు కాలపరిమితి కూడా నిర్ణయించాయి: చిన్న విహారానికి 5, 6 సంవత్సరాలు, పెద్దదానికి 10, 12.

నేర్చుకునే సంస్థ అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఫిర్యాదు చేసినవాడు ధనికుడు కాడు, విద్వాంసుడు కాడు. అతని మాట మర్యాదగా కూడా లేదు. అయినా దానిలోని సత్యం ఒక శాశ్వత పదవిగా మారింది. జాలిపడి ఆ ఒక్క గోడ కట్టించి ఇచ్చినా అది దయే. తరువాత వచ్చే పేదవాని గోడ కూడా కూలకుండా ఏర్పాటు చేయడం సంస్థాధర్మం.

చెప్పినవానికి శిక్ష

సంఘం ఎల్లప్పుడూ ఇంత సులభంగా నేర్చుకున్నదని చెప్పడం సత్యం కాదు. పరినిర్వాణానంతరం నూరేండ్లకు అదే వైశాలిలో జరిగిన సంఘటనలు చుల్లవగ్గం చివరి ఖంధకంలో ఉన్నాయి. వజ్జిపుత్తక భిక్షువులు ఉపోసథదినాన కంచుపాత్రలో నీరు నింపి సభామధ్యంలో పెట్టి, సంఘానికి నాణేలు వేయమని ఉపాసకులను అడుగుతున్నారు. అతిథిగా వచ్చిన యశ కాకండకపుత్రుడు అక్కడికక్కడే అభ్యంతరం చెప్పాడు. వసూలైన ధనంలో ఆయనకు వాటా ఇవ్వజూపారు, వద్దన్నాడు. ఉపాసకులను నొప్పించాడని, వారిని క్షమాపణ అడగాలని ఆయన మీద దండన విధించారు. నియమానుసారం తోడుగా ఒక భిక్షువును అడిగి తీసుకొని, యశుడు ఉపాసకుల వద్దకే వెళ్లి తన మాటకు కారణం వివరించాడు. వారు ఆయన పక్షం వహించారు. అప్పుడు సంఘం నుండి ఆయనను బహిష్కరించడానికి పూనుకున్నారు.

మొదట వాటా, తరువాత క్షమాపణ, చివర బహిష్కరణ: తప్పు చూపినవాని విషయంలో సంస్థలు నేటికీ నడిచే మూడు మెట్లు ఇవే. యశుడు ఆకాశమార్గాన కౌశాంబి చేరాడని గ్రంథం చెబుతుంది. అక్కడినుండి ఆయన పావా, అవంతి ప్రాంతాల భిక్షువులకు కబురు పంపాడు. రేవత స్థవిరుని మద్దతు కోరాడు. అవతలి పక్షం కూడా రేవతుని వద్దకు పాత్రలు, చీవరాలు తీసుకొని వెళ్లింది. ఆయన తిరస్కరించగా, ఆయన పరిచారకుడైన ఉత్తరునికి ఒక చీవరం అంటగట్టి సిఫారసు చేయించబోయింది. రేవతుడు ఉత్తరుణ్ణి తన వద్దనుండి పంపివేశాడు.

వివాదం పుట్టినచోటనే తేలాలని అందరూ వైశాలి వచ్చారు. 700 మంది కూడిన సభలో మాటకు అంతు లేకపోయింది. అందుచేత తూర్పువారి నుండి నలుగురిని, పడమటివారి నుండి నలుగురిని ఎన్నుకొని ఉబ్బాహికకు, అంటే ఉపసంఘానికి విచారణ అప్పగించారు. ఆ ఎనిమిదిమంది వాలికారామంలో పది అంశాలనూ ఒక్కొక్కటిగా పరిశీలించారు. రేవతుడు ప్రశ్నించాడు, అందరికంటె వృద్ధుడైన సబ్బకామి సమాధానమిచ్చాడు. విచారణ ముగిసిన తరువాత, ఇవే ప్రశ్నలు సంఘమధ్యంలో మరల అడగమని సబ్బకామి కోరాడు. తీర్పు వినిపిస్తే చాలదు, తక్కినవారు సమాధానపడాలని ఆయన ఉద్దేశం.

ఆ పది అంశాలలో రెండు నేటి కార్యాలయాలకు కూడా వర్తిస్తాయి. సభ్యులందరూ లేకుండా నిర్ణయం చేసి, వచ్చిన తరువాత సమ్మతి తీసుకోవచ్చునా అన్నది ఒకటి. చెల్లదని తీర్పు. మా ఉపాధ్యాయులు ఇట్లే చేసేవారు కనుక మేమూ చేయవచ్చునా అన్నది రెండవది. దీనికి వచ్చిన సమాధానం ఆలోచింపజేస్తుంది: కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు. ఆచారం అనే ఒక్క కారణంతో ఏదీ నిలువదు, ఆ ఒక్క కారణంతో ఏదీ పోదు. ప్రతి ఒక్కటీ పరిశీలనకు నిలువవలసినదే.

ఆ వివాదం నడుమ ఒక రాత్రి రేవతుడు సబ్బకామి విహారంలో బస చేశాడు. వృద్ధుడు ఇంకా నడుం వాల్చలేదు కనుక తాను పడుకోరాదని అతిథి అనుకున్నాడు. ప్రయాణం చేసి అలసిన అతిథి ఇంకా పడుకోలేదు కనుక తాను పడుకోరాదని వృద్ధుడు అనుకున్నాడు. తెల్లవారుజాము వరకు ఇద్దరూ మేల్కొనే ఉన్నారు. కఠినమైన విచారణ చేయబోయే ఇద్దరి నడుమ ఇంత ఆదరం ఉండడం యాదృచ్ఛికం కాదు.

పనికిరానివాని సేవ

ఆదరానికి సైతం సంఘం నియమరూపం ఇచ్చింది. మహావగ్గం చీవర ఖంధకంలో అతిసార రోగంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న భిక్షువు వృత్తాంతం ప్రసిద్ధమే. భగవానుడు నీళ్లు పోయగా ఆనందుడు కడిగాడు; తలవైపు ఒకరు, పాదాలవైపు ఒకరు ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఈ దృశ్యాన్ని చాలామంది చెబుతారు. అంతకుముందు రోగి చెప్పిన కారణాన్ని తక్కువమంది గుర్తుచేస్తారు. తాను ఇతర భిక్షువులకు ఏ ఉపయోగమూ చేయలేదు కనుక వారు తనను చూడడం లేదని అతడు చెప్పాడు. ఉపయోగాన్ని బట్టి ఆదరం కొలిచే సంస్థలో మనిషి తన గురించి తాను ఇట్లే అనుకుంటాడు.

ఆపైన వచ్చిన నియమం స్పష్టమైనది. ఉపాధ్యాయుడున్నవానికి ఉపాధ్యాయుడు, ఆచార్యుడున్నవానికి ఆచార్యుడు, లేకుంటే శిష్యుడు, సహాధ్యాయి సేవ చేయాలి; ఎవరూ లేనివానికి సంఘమే చేయాలి, చేయకపోతే సంఘానికి దోషం. మరణించిన భిక్షువు పాత్రచీవరాలు అతనికి సేవ చేసినవారికి ఇవ్వడానికి కూడా అనుమతి ఉన్నది. సేవను సద్గుణంగా పొగడి ఊరుకోలేదు. పేరు పెట్టి బాధ్యత నిర్ణయించారు, సేవకుని శ్రమను గుర్తించారు.

శ్రీపర్వతం మీద ఒక పేరు

వైశాలిలో ఓడిన వజ్జిపుత్తకులే మహాసాంఘికులుగా వేరుపడ్డారని సింహళ దీపవంసం కథనం. చుల్లవగ్గం మాత్రం చీలిక మాట ఎత్తదు. ఏమైనా మహాసాంఘిక మూలం గల చైత్యక, పూర్వశైల, అపరశైల నికాయాలు కృష్ణాతీరంలో వర్ధిల్లాయి. ఆ కథనం ప్రకారం తెలుగుదేశం ఓడినవారి సంతతికి ఆశ్రయమిచ్చిన నేల. అంతటితో ఆగక, భిన్న నికాయాలవారికి పక్కపక్కనే చోటిచ్చింది. నాగార్జునకొండ శాసనాలలో అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, తంబపణ్ణి థేరులు కనిపిస్తారు.

ఆ తంబపణ్ణి ఆచార్యుల కోసం ఉపాసిక బోధిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనం దీర్ఘమైనది. బంధువుల పేర్లు, ఇతర దానాల పేర్లు అన్నీ ఉన్నాయి. చివరి పంక్తులలో ఈ పని చేయించిన నవకమ్మికులు ముగ్గురని ఉన్నది: చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. ఆ తరువాత ఇది శిలావర్ధకి విధికుని పని అని ఉన్నది.

వైశాలిలో కుట్టుపనివాని గోడ కూలినందున పుట్టిన పదవి, కృష్ణాతీరంలో ముగ్గురు స్థవిరుల పేర్లతో రాతి మీద నిలిచింది. వారి పక్కన రాయి చెక్కినవాని పేరు కూడా నిలిచింది.

మన సంస్థలలో

ఈ సామగ్రిని ఉపన్యాసాలకు వాడడం మనకు అలవాటే. మన పరిశోధనాలయాలలో, విహార కార్యాలయాలలో ఆచరించదలిస్తే నాలుగు పనులు సాధ్యమని తోస్తున్నది.

ఏడాదికొకసారి, వర్షావాసాంతంలో, సంస్థలోని వారందరూ కూడాలి. అధ్యక్షుడే మొదట తన పనిలో కనిపించిన లోపాలు చెప్పమని అడగాలి. మొదటి సంవత్సరం ఎవరూ ఏమీ చెప్పకపోవచ్చు. రెండవ సంవత్సరం ఒకరు చిన్న విషయం చెబుతారు. దానికి ఏమి జరిగిందో అందరూ చూస్తారు. మూడవ సంవత్సరం సభ ఎట్లుంటుందో ఆ చూపు మీద ఆధారపడి ఉంటుంది.

కొత్తగా చేరినవారికి ఒక ఆచార్యుణ్ణి పేరు చెప్పి ఏర్పాటు చేయాలి. సమర్థుడైన భిక్షువుకు సైతం వినయం 5 సంవత్సరాల నిస్సయాన్ని విధించింది. మన కార్యాలయాలలో తొలిదినాన తాళాలగుత్తి చేతికిచ్చి, గోడ కూలినప్పుడు మాత్రమే మాట్లాడుతున్నాము.

జబ్బుపడినవారిని ఎవరు చూడాలో ముందుగానే నిర్ణయించి ఉండాలి. ఇది ఎవరి మంచితనానికో వదిలివేయవలసినది కాదు.

ఇక నాల్గవది, దోషం చెప్పేవారికి కూడా నియమం ఉండాలి. తగిన కాలంలో, సత్యాన్ని, మృదువుగా, ప్రయోజనం కోసం, మైత్రీచిత్తంతో చెప్పాలని చుల్లవగ్గం ఐదు షరతులు పెట్టింది. చెప్పబోయే ముందు ఎదుటివాని అనుమతి అడగాలని కూడా వినయంలో విధి ఉన్నది. ఈ షరతులు లేని బహిరంగత మరొక కౌశాంబిని తెస్తుంది. అయితే వాటిని అడ్డుపెట్టి చెప్పేవారి నోరు మూయించడం తగదు. కుట్టుపనివాడు మృదువుగా మాట్లాడలేదు. అయినా భగవానుడు అతని మాటలోని ప్రయోజనాన్ని విడిచిపెట్టలేదు.

ఆ ప్రదర్శనశాల వస్తుపట్టికలో గ్రామం పేరు తరువాత దిద్దించాము. దిద్దేటప్పుడు చూస్తే, వస్తువు కొలతలకు గడి ఉన్నది, నమోదు చేసిన అధికారి సంతకానికి గడి ఉన్నది. రాతిని మోసుకొచ్చినవారి పేరుకు, ఊరు చెప్పినవారి పేరుకు గడి లేదు. పదిహేడు వందల ఏండ్ల క్రితం విధికునికి శాసనంలో చోటు దొరికింది. నేను ఆ అటెండరు పేరును పట్టిక అంచున పెన్సిలుతో వ్రాసి వచ్చాను. అది అచ్చు పట్టికలో ఒక గడి కావడం ఇక మన సంస్థల పని.